ఊటలు లేని పటం

ట్రేసరమ్మ ఒకసారి అడుగుపెట్టిన చోటు జన్మలో మర్చిపోదు. పెళ్ళయిన కొత్తలో ఒకే ఒక్కసారి వెళ్ళిన చుట్టాలింటికి ఇప్పుడు కళ్ళకు గంతలు కట్టి వదిలినా వెళ్ళగలదు. ఏ మలుపులో కరెంటు స్తంభం ఒరిగి ఉందో, ఏ గుమ్మం ముందు మెట్టు విరిగిందో చెబుతుంది. ఆ ఇంట్లోవాళ్ళ పేర్లు మాత్రం అడగకూడదు. "మనుషుల్ని మర్చిపోయి మెట్లని గుర్తుపెట్టుకునే దాన్ని నిన్నే చూశానోయ్" అంటాడు భర్త. ఆయన దర్జీ. పక్కవీధికెళ్ళి గుండీలు కొనుక్కుని ఇంటికి రావడానికి కూడా దారిలో ఎవరినో ఒకరిని అడిగే బాపతు. వాళ్ళింటి మొత్తానికీ దారి తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

ట్రేసరమ్మ అన్నది ఉద్యోగం తెచ్చిపెట్టిన పేరు. చిన్నవయసులోనే సర్వే ఆఫీసులో ట్రేసరుగా చేరింది. ఎవరో కొలిచి గీసిన పటం మీద పల్చటి కాగితం పరిచి, కింద కనిపించే గీత మీద నల్లసిరాతో మళ్ళీ గీత గీయాలి. సొంతంగా ఒక్క గీత చేర్చకూడదు, ఉన్నది ఒక్కటీ వదలకూడదు. అక్కడి హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ఒక పెద్దాయన. పటంలో ఖాళీ కనిపిస్తే ఆయనకి ఒళ్ళు మండిపోయేది. "ఇక్కడేముందమ్మా? ఏమీ లేదా? ఏమీ లేని చోటు భూమ్మీద ఎక్కడైనా ఉంటుందా? ఖాళీ వదిలావంటే పని ఎగ్గొట్టావన్నమాటే" అని కాగితం తిరిగి బల్ల మీద పడేసేవాడు. ఆయన చేతి కింద ఆవిడ అరిగి అరిగి పదునెక్కింది. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ట్రేసర్ల వాలుబల్లలు ఒక్కొక్కటే వరండాలోకి చేరాయి, వాటి వెనకే ట్రేసర్లూ చేరారు. ఆ వరండాలో కూర్చుని ఆవిడ కొన్నాళ్ళు ఉత్తరాలకు తపాలా బిళ్ళలు అంటించింది. ఆ రోజులంటే ఆవిడకి ఇప్పటికీ మంటే.

పని వదిలేసి బయటికొచ్చాక ఒక చిన్న సంస్థలో చేరింది. ఇనుపసామాన్ల కొట్టు మీద రెండు గదులు, కింద మేకులు తూచే చప్పుడు, పైన వీళ్ళ చదువులు. కొండ మీది పల్లెల్లో జనం నీళ్ళకి ఎంత దూరం పోతున్నారు, వాగు పొంగితే రోగిని ఏ దారిన మోసుకొస్తున్నారు అన్నది వాళ్ళ పరిశోధన. అయితే పటం వీళ్ళు గీయరు, ఊరివాళ్ళ చేతే గీయిస్తారు. ఎవరి ఊరు వాళ్ళకే తెలుసు కాబట్టి పటం కూడా వాళ్ళదే అయి ఉండాలన్నది సంస్థ నడిపే సారు సిద్ధాంతం. సారు ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పినాయన. మంచివాడే, కానీ ఒక మాట అడిగితే పిరియడ్ అయ్యేదాకా వదలడు. ఆయన కాక చిన్నమేడం అని ఒక అమ్మాయి, పెద్ద చదువు ఆఖరి మెట్టు మీద ఉంది, కంప్యూటరు సంగతులన్నీ ఆ పిల్లవే.

ఒకరోజు సారు ట్రేసరమ్మని పిలిచి ఫోన్లు చేతిలో పెట్టాడు. "కాగితాలు వానలో తడిసిపోతున్నాయమ్మా. ఫోన్లో పటం చేసే యాప్‌లు ఉన్నాయట. కొండ మీద సిగ్నల్ ఉండదు కాబట్టి నెట్ లేకుండా పనిచెయ్యాలి. మన దగ్గర డబ్బుల్లేవు కాబట్టి ఉచితంగా రావాలి. చదువురానివాళ్ళు కూడా వాడాలి. ఏది బాగుంటుందో మీరే తేల్చండి."

ఆవిడ సంబరం ఇంతా అంతా కాదు. వరండాలోకి గెంటించుకున్న మనిషిని పిలిచి పటం సంగతి నువ్వే తేల్చమంటున్నారాయె. కాళ్ళకు బలపం కట్టుకుని ఊరంతా తిరగడం మొదలుపెట్టింది. పరీక్ష పద్ధతి కూడా ఆవిడే కనిపెట్టింది. నెట్ లేకుండా పనిచేస్తుందో లేదో తెలియాలంటే అసలు నెట్టే లేకుండా చెయ్యాలి. అందుకని ఫోన్లలోంచి సిమ్ములు ఊడదీసి, ఒక అగ్గిపెట్టెలో వేసి, వంటింటి అలమరాలో పెట్టేసింది. చక్కని పద్ధతే. కానీ ఆవిడ పొరపాటు ఆ అగ్గిపెట్టె దగ్గరే మొదలైంది.

చివరికి మూడు యాప్‌లు మిగిలాయి. మూడింటికీ భార్యాభర్తలిద్దరూ కలిసి పేర్లు పెట్టారు. మొదటిది తిండిపోతు. ఆకాశం నుంచి తీసిన బొమ్మలన్నీ ఫోన్లో నింపుకుంటేగానీ కదలదు, మధ్యాహ్నానికల్లా బ్యాటరీ నాకేస్తుంది. రెండోది సోకులాడి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నీళ్ళకి చుక్క బొమ్మ, దారికి పాదాల బొమ్మ. బొమ్మ నొక్కి, ఫోనుకి దగ్గరగా నోరు పెట్టి ఆ చోటు సంగతి చెబితే గొంతు కూడా దాచుకుంటుంది. మూడోది మొండిఘటం. పాత ఆఫీసు గోడలా బూడిదరంగులో ఉంటుంది, బొమ్మల్లేవు, అన్నీ అంకెలే. దాచుకున్నది బయటికి తియ్యాలంటే తీగ పెట్టి కంప్యూటరుకి తగిలించాల్సిందే, వేరే దారి లేదు.

తేల్చింది దర్జీగారు. ఆయన రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయి, సూదిలో దారం ఎక్కించడం మానేసి చాన్నాళ్ళయింది. ఆయన గుర్తుపట్టగలిగితే కొండ మీది ముసలమ్మలూ గుర్తుపడతారని ఆవిడ లెక్క. తిండిపోతుని చూసి, "అంతా మసకే" అన్నాడు. మొండిఘటాన్ని చూసి, "ఇందులో అసలేమైనా ఉందా?" అన్నాడు. సోకులాడిని చూడగానే మాత్రం, "ఇదుగో చుక్క, ఇదుగో పాదం" అని టకటకా నొక్కేశాడు. ఆవిడ మర్నాడే సారుకి చెప్పేసింది. చిన్నమేడం సంస్థ పేరు మీద సోకులాడిలో ఖాతా తెరిచి, అడిగిన చోటల్లా ఒప్పుకుంటున్నానని నొక్కింది. అక్కడ రాసింది చదివేంత ఓపిక ఆ పిల్లకే కాదు, ఎవరికీ ఉండదు. సారు అగ్గిపెట్టె తెప్పించి, "కొండ మీద ఎవరికైనా ఏదైనా అయితే? సిమ్ము ఉండాలమ్మా" అని ఒక ఫోన్లో సిమ్ము వేసి ఇచ్చాడు.

ఆ కొండ మీది ఊళ్ళో మాట చెల్లేది మంత్రసానికి. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన చెయ్యి కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. ఆవిడ పుట్టిల్లు అవతలి కొండ. అక్కడి ఊటని ఏ ట్యాంకర్లవాళ్ళో ఒకప్పుడు కనిపెట్టి, గొట్టం వేసి, చుట్టూ కంచె కట్టి, గేటుకి తాళం పెట్టారు. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఆ తాళాన్ని చూసి వస్తుంది. అందుకే మొదటిరోజే తేల్చి చెప్పింది.

"దారులు రాసుకో. వాగు దాటే చోటు రాసుకో. అంబులెన్సువాడికి అవన్నీ తెలియాలి, తెలిస్తే మాకే మంచిది. నీళ్ళు కూడా చూపిస్తాం, మా కష్టం నీకు తెలియాలి కదా. కానీ అమ్మాయ్, మా ఊటలు మాత్రం కొండ దిగకూడదు."

"దిగవు పెద్దమ్మా. ఇది నెట్ లేని ఫోను. ఇందులో పెట్టింది ఇందులోనే ఉంటుంది. మీరు ఊఁ అన్నాకే బయటికి తీస్తా" అంది ట్రేసరమ్మ. ఆ మాట నిజమేనని మనస్ఫూర్తిగా నమ్మే అంది.

ఇక ఊరి ఆడవాళ్ళంతా కలిసి ఆవిడని కొండంతా తిప్పారు. దగ్గు ఊట చూపించారు, ఆ నీళ్ళు తాగితే దగ్గు పోతుందట. గుడ్డి ఊట చూపించారు, ఆకులు తప్పిస్తేగానీ కనిపించదు. అన్నిటికన్నా దూరంగా, రెండు బండల సందులో ఉన్నది కోడళ్ళ ఊట. అంత దూరం ఎందుకొస్తారని అడిగితే ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. అత్తగారి మీద చెప్పుకోవాల్సినవన్నీ చెప్పుకోవడానికి దగ్గరి ఊట చాలదట. ఎండాకాలంలో అన్నీ ఎండినా ఇదొక్కటే ఎండదు, ఊరు బతికేది దీని మీదే. ట్రేసరమ్మ దోసిలి పట్టి తాగింది. పళ్ళు జివ్వుమన్నాయి. మంత్రసాని చుక్క బొమ్మ నొక్కి, ఫోనుకి మూతి ఆనించి ఏదో గొణిగింది. అందరూ అలాగే తలో ఊటా నొక్కి, తలో మాటా చెప్పారు.

ఇంతలో దర్జీగారి కంటి ఆపరేషన్ రోజు వచ్చింది. ఆయనకి మరిదిని తోడు పెట్టి వచ్చిందేగానీ ఆవిడ మనసు మనసులో లేదు. సొంత ఫోన్లో చార్జింగు అయిపోయింది, ఊళ్ళో కరెంటు లేదు. మంత్రసాని ఆవిడ అవస్థ చూసి, "అట్లా బిక్కమొహం వేసుకుని కూర్చోకపోతే పై గట్టెక్కి మాట్లాడు. అక్కడ ఒక్కోసారి అందుతుంది" అంది. ఆఫీసు ఫోను తీసుకుని ఎక్కింది. అందింది.

"కట్టు కట్టారోయ్. ఏమీ కనిపించట్లేదు. నీకేం కనిపిస్తోందో చెప్పు" అన్నాడు ఆయన.

ఆవిడ ఒక బండ మీద కూర్చుని అంతా చెప్పింది. కింద పలకల్లా పొలాలు, వాగు మెలిక, రేకుల కప్పుల మీద ఎండ, దూరంగా టౌను పొగ. ఆయన ఊఁ కొడుతూ పోయాడు. ఇద్దరూ అంతసేపు మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందో. దిగి వస్తుంటే ఆవిడకి ప్రాణం హాయిగా ఉంది.

ఊరు తిరిగొచ్చి ఆఫీసు మెట్లెక్కేసరికి చిన్నమేడం ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, మీరు రాకముందే మీ పాయింట్లు వచ్చేశాయి! ఎంత బాగా చేశారో!"

"ఎక్కడికి వచ్చేశాయి?" అంది ట్రేసరమ్మ. ఫోను ఇంకా సంచిలోనే ఉంది.

చిన్నమేడం కంప్యూటరు తిప్పి చూపించింది. బూడిదరంగు కొండ మీద నీలం చుక్కలు. ఒక్కొక్కటీ ఎక్కడిదో ఆవిడ కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఆ పిల్ల అన్నిటికన్నా దూరంగా ఉన్న చుక్కని నొక్కింది. ఆ గదిలో, మేకుల చప్పుడు మధ్యలో, మంత్రసాని గొంతు వినిపించింది.

"ఇది కోడళ్ళ ఊట. ఎంత ఎండకీ ఎండదు. ఎవరికీ చెప్పకు."

ట్రేసరమ్మ కుర్చీ ఎక్కడుందో తడుముకుని కూర్చుంది. సంగతంతా చిన్నమేడమే విప్పి చెప్పింది. నెట్ లేనప్పుడు సోకులాడి అన్నీ దాచుకుంటుంది. సిగ్నల్ తగిలిందంటే ఎవరినీ అడక్కుండా దాచినదంతా పైకి పంపేస్తుంది. డబ్బు కట్టిన ఖాతా అయితే పంపింది సొంతంగా ఉంటుంది, ఉచిత ఖాతా అయితే లోకమంతా చూడొచ్చు. గట్టు మీద కూర్చుని ఆవిడ భర్తకి కొండ చూపిస్తున్నంతసేపూ చేతిలోని ఫోను లోకానికి ఊటలు చూపించింది. సిమ్ము తీసేస్తే ఏమవుతుందో ఆవిడ ఊరంతా తిరిగి పరీక్షించింది. తిరిగి పెడితే ఏమవుతుందో ఒక్కసారి కూడా చూడలేదు.

చిన్నమేడం గబగబా అన్నీ తీసేసింది. ఏడుపు మొహంతో, "ఆ ఒప్పుకుంటున్నానని నొక్కింది నేనే కదక్కా" అంది. సారు వచ్చి విని, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"తీసేశారు కదమ్మా. ఈలోపు ఎవరు చూసి ఉంటారు? ఆ మూల కొండ ఎవరికి కావాలి? వెళ్ళి చెప్పి వాళ్ళని కంగారు పెట్టడం దేనికి?"

ఆయన మాటలో చెడ్డేమీ లేదు. ఆ మాటే పట్టుకుని ఆవిడ ఒకటి రెండు రోజులు ఊరుకుంది కూడా. ఒక పక్కన కంటికి కట్టుతో భర్త, ఒక పక్కన వేళకి చుక్కల మందు. అన్నం సయించదు, చేసే పని మీద ధ్యాస ఉండదు. ఆయన రెండోరోజుకే కనిపెట్టాడు.

"ఏంటి సంగతి? నా కన్ను పోయిందా ఏంటి, అట్లా ఉన్నావు?"

ఆవిడ జరిగిందంతా చెప్పేసింది. ఆయన చేత్తో కంటి కట్టు సర్దుకున్నాడు. తర్వాత, "నాతో మాట్లాడ్డానికే కదా ఆ గట్టెక్కావు" అన్నాడు. ఇంకాసేపటికి, "మీ మరిదిని రమ్మను. మందు వాడు వేస్తాడు. నువ్వెళ్ళు" అన్నాడు.

వెళ్ళేసరికి మంత్రసాని అరుగు మీద కూర్చుని పాత బట్టలు కత్తిరిస్తోంది, ఎవరికో నెలలు నిండాయి. ట్రేసరమ్మ మంచినీళ్ళు కూడా ముట్టకుండా నిలబడే చెప్పింది. చుట్టూ తిప్పకుండా, చిన్నమేడం మీదా సారు మీదా నెట్టకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఎవరు చూశారు?" అంది మంత్రసాని.

"తెలీదు పెద్దమ్మా."

"ఎవరూ చూడలేదేమో?"

"అదీ చెప్పలేను. తీసేశాం. కానీ తీసేసేలోపు..."

కత్తెర ఆగలేదు. "పుట్టిన బిడ్డని మళ్ళీ లోపలికి తొయ్యలేం కదా" అంది మంత్రసాని చివరికి. తిట్టి ఉంటే బాగుండునని ట్రేసరమ్మకి అనిపించింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరి గీతా తప్పు గీయని చెయ్యి, ఊరు ఊరంతా నమ్మి అప్పజెప్పినదాన్ని ఒక్క ఫోన్ కాల్‌తో బజార్న పెట్టింది.

"మీ ఆయన కన్ను ఎట్లా ఉంది?" అంది మంత్రసాని, తలెత్తకుండానే.

దాంతో ఆవిడకి ఏడుపు ఆగలేదు.

సాయంత్రం పొయ్యిలు వెలిగించకముందే ఆడవాళ్ళంతా అరుగు దగ్గర చేరారు. కేకలేసినవాళ్ళు కేకలేశారు. కోడళ్ళ ఊట దాకా తీసుకెళ్ళి నీళ్ళు తాగించిన పడుచుపిల్ల ఒకతె ఆవిడ మొహం కూడా చూడలేదు. తర్వాత మంత్రసాని ఫోను తెమ్మంది. ఒక్కొక్క ఊట పేరూ తను చెబుతుంటే, ట్రేసరమ్మ అందరి ముందూ ఒక్కొక్క చుక్కనీ చెరిపింది. అన్నీ అయ్యాక మంత్రసాని, "దారులు ఉంచు. వాగు ఉంచు. రోగమొస్తే బండి రావాలి కదా" అంది.

"ఇది వద్దు పెద్దమ్మా. ఇంకోటుంది. చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది కానీ ఇచ్చింది ఎవరికీ ఇవ్వదు. ఈసారి సిమ్ము పెట్టి, గట్టెక్కి కూడా చూశా" అంది ట్రేసరమ్మ. కొండెక్కగానే ముందు పై గట్టుకి పోయి, అక్కడ నిలబడి, సిగ్నల్ పట్టుకుని, మొండిఘటం కిక్కురుమనకుండా కూర్చుందని రూఢి చేసుకున్నాకే ఊళ్ళోకి దిగింది.

మొండిఘటంలో బొమ్మల్లేవు కాబట్టి ఆవిడే గీసింది. అట్టముక్క మీద పెద్ద పెద్ద గుర్తులు వరసగా వేసి, ఒక్కోదాని పక్కన ఒక అంకె రాసింది. గుర్తు చూసుకుని ఆ అంకె నొక్కితే చాలు. ట్రేసరు చెయ్యి కదా, పాదం పాదంలాగే ఉంది, వంతెన వంతెనలాగే ఉంది. అలవాటుకొద్దీ అన్నిటికన్నా పైన నీటిచుక్క వేసింది. మంత్రసాని అట్ట అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. బట్టలు కత్తిరించే కత్తెరతో పైన చుక్క ఉన్న ముక్కని కత్తిరించి, మడిచి, కొంగున ముడేసుకుని, మిగిలిన అట్ట తిరిగి ఇచ్చింది.

తర్వాత ఎవరైనా వచ్చారా అంటే, ఎవరూ రాలేదు. ఇకముందూ రారని చెప్పడానికీ లేదు. ట్రేసరమ్మ ఆఖరిసారి వెళ్ళినప్పుడు మంత్రసాని ఒకటే మాట అంది. "ఇదివరకు కింద బండి చప్పుడైతే ఎవరో చుట్టాలొస్తున్నారనుకునేవాళ్ళం. ఇప్పుడు బయటికొచ్చి చూస్తున్నాం." కోపంగా అనలేదు. మామూలుగానే అంది.

దర్జీగారికి కట్టు విప్పాక ముందుగా మొండిఘటం చూపించమన్నాడు. "ఇది ఇంత అసహ్యంగా ఉంటుందా! నా కళ్ళదే తప్పనుకున్నాను" అన్నాడు. ఇద్దరూ చాన్నాళ్ళకి నవ్వుకున్నారు.

పటం అచ్చయి గోడకెక్కింది. దారులున్నాయి. వాగు పొంగితే తప్పుకునే అడ్డదారులున్నాయి. రోగిని దించి ఊపిరి తీసుకునే బండలు కూడా ఉన్నాయి. కొండ పైభాగం మాత్రం తెల్లగా ఉంది. సారు పాఠం చెప్పేవాడిలా వెనక చేతులు కట్టుకుని చాలాసేపు చూశాడు. పరిశోధనలో సగం నీళ్ళ గురించే, నివేదికలో ఆ పేజీలు ఇంకా ఖాళీగా ఉన్నాయి. ఊరు ఇవ్వనన్న సంగతి ఆయనకి తెలుసు. చుక్కలు చెరిపేశారనీ తెలుసు. ఎదురుగా నిలబడ్డ మనిషికి చుక్కలతో పనిలేదని కూడా ఆయనకి తెలుసు.

"వాళ్ళ మాట కాదనను. కనీసం మన లోపలి కాగితాల్లోనైనా ఉండాలి కదమ్మా" అన్నాడు తెల్లటి చోటు మీద వేలు పెట్టి. "మీరు వెళ్ళారు, తాగారు. ఎండాకాలంలో ఎండని ఊట ఒకటి ఉందన్నారు. ఎక్కడది?"

ట్రేసరమ్మ ఆయన వేలు పెట్టిన చోటు చూసింది. అక్కడి నుంచి రెండు బండల దాకా అడుగు అడుగూ ఆవిడ కళ్ళ ముందు ఉంది. పళ్ళు జివ్వుమన్న చలి కూడా ఉంది.

"నీళ్ళు మాత్రం బాగున్నాయండీ" అంది. "చోటు గుర్తులేదు."